గ్లకోమా ట్యూబు శస్త్రచికిత్సలు – నాలుగో పాఠం: ఒత్తిడి మళ్లీ పెరిగినప్పుడు

గ్లకోమాలో కంటి ఒత్తిడి తగ్గించడానికి పెట్టే, ట్యూబు, ప్లేటు ఉన్న ఇంప్లాంట్లలో ఒకటి అహ్మద్ వాల్వ్. దాన్ని అమర్చిన ఆరు వారాలకు కంటి ఒత్తిడి 28 మి.మీ. పాదరసానికి చేరితే కారణం ఏమై ఉంటుందని గత పాఠం చివర అడిగాను. జవాబులు రాసినవారిలో ఎక్కువమంది ట్యూబు మూసుకుపోయిందనే తేల్చారు. ఈ తొందరపాటు సర్దుకోకుండా ముందుకు వెళితే తర్వాతి పాఠాలన్నీ తప్పుదారి పడతాయి కనుక, ఈసారి చెప్పవలసిన కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) నష్టాన్ని వాయిదా వేస్తున్నాను.

ట్యూబు పని కంటి లోపల తయారయ్యే నీటిని కంటి గోడ మీద అమర్చిన ప్లేటు దాకా చేర్చడమే. అక్కడి నుంచి నీరు ప్లేటు చుట్టూ శరీరం అల్లుకునే పీచుపొర గుండా ఇంకిపోవాలి. ఆ పొర దళసరెక్కితే ట్యూబు ఎంత శుభ్రంగా ఉన్నా ఒత్తిడి పెరుగుతుంది. కాలం గడిచాక ఇంప్లాంట్లు విఫలం కావడానికి ముఖ్య కారణం ఇదే. అహ్మద్ ప్లేటు వైశాల్యం 184 చదరపు మిల్లీమీటర్లు, మరో రకం ఇంప్లాంట్ అయిన బేర్వెల్ట్‌లో పెద్దదానిది 350. రెండింటినీ పోల్చిన పరీక్షల్లో బేర్వెల్ట్‌తో ఒత్తిడి మరింత తగ్గింది, కానీ మరీ పడిపోయే ప్రమాదమూ దానితోనే ఎక్కువగా కనిపించింది.

అడ్డంకి ఎక్కడుందో తెలియాలంటే ముందు ప్లేటును చూడండి. ప్లేటు సాధారణంగా కంటికి పైన, కణత వైపు ఉంటుంది కాబట్టి రోగిని కిందికి, ముక్కు వైపుకు చూడమని, పై రెప్ప ఎత్తి స్లిట్ ల్యాంపులో (కంటిని పెద్దదిగా చూపే సూక్ష్మదర్శినిలో) పరిశీలించండి. ప్లేటు మీద కంజంక్టైవా (తెల్లగుడ్డును కప్పే పలుచని పైపొర) గుమ్మటంలా బిగువుగా ఉబ్బి ఉంటే నీరు అక్కడిదాకా వస్తోంది, అడ్డంకి పీచుపొరలోనే ఉంది. చదునుగా ఉంటే నీరు చేరడం లేదు. అప్పుడు మాత్రమే వాల్వును, ట్యూబు మొనను అనుమానించాలి. మొన దగ్గర రక్తపు గడ్డ, ఫైబ్రిన్ (గడ్డకట్టే ప్రోటీన్ పోగులు), ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు భాగం), విట్రియస్ (కంటి లోపలి జిగురు పదార్థం) వీటిలో ఏది అడ్డుపడిందో దాన్ని బట్టి లేజరో, గడ్డను కరిగించే మందో, విట్రియస్‌ను తొలగించే విట్రెక్టమీయో ఎంచుకుంటారు. బేర్వెల్ట్‌కు వాల్వు లేదు. దాని ట్యూబును కరిగే దారంతో కట్టి ఉంచుతారు కనుక మొదటి ఐదారు వారాలు ప్లేటు మీద చదునుగా ఉండడం సహజం. ఆ చదును చూసి ట్యూబు మూసుకుపోయిందని రాయకండి.

పొర వల్ల తొలి మూడు నెలల్లో పెరిగే ఒత్తిడి చాలా కళ్లలో టిమొలాల్, డోర్జొలమైడ్ వంటి చుక్కలతో అదుపులోకి వస్తుంది. ఒత్తిడి 21 దాటేదాకా ఆగకుండా చుక్కలు ముందే మొదలుపెట్టడం నాకు ఇష్టం. అవి చాలనప్పుడు సూదితో పొరను చీల్చడం, మరోచోట రెండో ఇంప్లాంట్ పెట్టడం, నీటిని తయారుచేసే సీలియరీ బాడీపై లేజర్ వాడడం అనే మార్గాలున్నాయి. పొరను కోసి తీసేసినా అది మళ్లీ అల్లుకుంటుంది కాబట్టి నేను రెండో ఇంప్లాంట్ వైపే మొగ్గుతాను. కంజంక్టైవా అరిగి ట్యూబు బయటపడితే స్క్లీరా (కంటి తెల్లని గట్టి గోడ) వంటి అతుకుతో కప్పాలి; ఇన్ఫెక్షన్ కంటి లోపలికి చేరితే సాధారణంగా ఇంప్లాంట్‌నే తీసివేయవలసి వస్తుంది.

అభ్యాసం: బేర్వెల్ట్ పెట్టి ఆరు వారాలైన కంట్లో నిన్న ఒత్తిడి 30, ఈ రోజు 4, ముందు గది (కార్నియాకు, ఐరిస్‌కు మధ్య నీరు ఉండే చోటు) లోతు తగ్గింది. రోగి నిన్నటిదాకా వేసుకున్న మూడు రకాల గ్లకోమా చుక్కలను ఈ ఉదయం కూడా వేసుకున్నారు. నీటి దారిని నిన్నటికీ నేటికీ వేర్వేరుగా గీసి, ప్లేటు మీద ఈ రోజు ఏం కనిపించాలో రాసి, ముందుగా ఏది ఆపాలో కారణంతో సహా వివరించండి.