గ్రానైట్ కోయించకముందే చూసుకోవాల్సినవి

వంటింటి ప్లాట్‌ఫారానికి రాయి కొనేటప్పుడు చాలామంది రంగు చూసి, రేటు బేరమాడి, అడ్వాన్స్ ఇచ్చి వచ్చేస్తారు. సింక్ కోసం ఒకసారి కోశాక ఆ రాయిని ఏ షాపువాళ్లూ వెనక్కి తీసుకోరు. అందుకే పరీక్షలన్నీ కటింగ్‌కు ముందే అయిపోవాలి.

ముందు ఏ రకం రాయో తేల్చుకోండి. చింతపండు, నిమ్మకాయ, పెరుగు లేకుండా మన వంటింట్లో రోజు గడవదు. మార్బుల్‌లోనూ కడప బండలోనూ ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. దానికి పులుపు తగిలితే పాలిష్ పోయి వెలిసిన మచ్చ పడుతుంది. ఆ చోట రాయే కొంచెం కరిగింది కాబట్టి ఎంత తోమినా పోదు. కడప బండను కింద అరలకు, సపోర్టుకు నిశ్చింతగా వాడుకోండి. పైన మాత్రం గ్రానైటే వేయించండి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, కరీంనగర్ టాన్ బ్రౌన్ లాంటి రాళ్లు మన గనుల్లోనే దొరుకుతుండగా వంటగట్టుకు మార్బుల్ ఎంచుకోవడం నాకైతే సబబనిపించదు.

నచ్చిన రాయి ముక్క ఒకటి షాపులో అడిగి ఇంటికి తెచ్చుకోండి. ఒక మూల చిక్కటి చింతపండు పులుసు పోసి, ఇంకో మూల నిమ్మచెక్క బోర్లించి, మధ్యలో పసుపు కలిపిన నూనె చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున కడిగి, కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడండి. నిమ్మచెక్క ఉన్నచోట గుండ్రంగా మెరుపు తగ్గితే ఆ రాయి వద్దు. నూనె చుక్క నల్లగా లోపలికి దిగితే అది పీల్చే రాయి. లేత రంగు గ్రానైట్లలో ఈ గుణం ఎక్కువ. అవే కావాలనుకుంటే సీలర్ (రాయి నూనె, నీళ్లు పీల్చకుండా పూసే ద్రవం) కొట్టించాలి, దాని ప్రభావం తగ్గినప్పుడల్లా మళ్లీ కొట్టించాలి.

నల్ల రాయి అయితే ఇంకో పరీక్ష. బూడిద రంగు రాయికి రంగు పట్టించి నల్ల గ్రానైట్‌గా అమ్మడం ఉంది. తెల్లటి దూదిని థిన్నర్‌లో ముంచి గట్టిగా రుద్దండి. దూదికి నలుపు అంటితే అక్కడి నుంచి వచ్చేయండి.

రాళ్లు నిల్వ ఉంచే యార్డులో స్లాబ్‌ను, అంటే కోయని పెద్ద పలకను, షెడ్డు నీడలో కాకుండా వెలుతురులో చూపించమనండి. నీళ్లు చల్లించి, ఆరుతున్నప్పుడు గమనించండి. పగులు ఉంటే మిగతా భాగం ఆరినా అక్కడ తడి గీత కాసేపు నిలుస్తుంది. నాణెంతో తట్టి చూడండి. ఖంగుమనాల్సిన రాయి ఒకచోట డొల్లగా మోగితే లోపల తేడా ఉన్నట్టే. వెనక ఫైబర్ నెట్ అంటించి ఉంటే, రాయి బలహీనంగా ఉండి ఊతం కోసం వేశారేమో అడగండి. మందం అంచు దగ్గర మీరే కొలవండి. 18 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉంటే మంచిది. రెండు స్లాబులు పడితే ఒకే లాట్‌వి (ఒకే బండ నుంచి కోసినవి) తీసుకోండి, లేకపోతే రంగు కలవదు.

స్లాబుల వరుసల మధ్యకు మాత్రం ఎవరూ వెళ్లకండి, పిల్లల్ని అసలు తీసుకెళ్లకండి. 18 మిల్లీమీటర్ల రాయి చదరపు అడుగుకు దాదాపు నాలుగున్నర కిలోలు. తొమ్మిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ముక్కే 80 కిలోలు తూగుతుంది. నిలబెట్టిన స్లాబ్ ఒరిగితే ఆపడం మనిషి వల్ల కాదు. మోసేటప్పుడు కూడా అంచు మీద నిలువుగానే మోయాలి. పడుకోబెట్టి మోస్తే సింక్ కోత పక్కనున్న సన్నటి పట్టీ దగ్గర విరుగుతుంది. ఆ పట్టీని వీలైనంత వెడల్పుగా ఉంచమని, హాబ్ (రాయిలో అమర్చే గ్యాస్ స్టవ్) కోత మూలలు గుండ్రంగా తీయమని మేస్త్రీకి కాగితం మీద గీసి ఇవ్వండి. మూల పదునుగా ఉంటే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. రెండు ముక్కలు కలిసే జాయింట్ సింక్ మీదికీ హాబ్ మీదికీ రాకుండా చూడండి.

కోత షాపులోనే, నీళ్లు పోస్తూ జరగాలి. గ్రానైట్ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. ఇంట్లో పొడిగా గ్రైండర్ పెట్టి కోస్తుంటే ఆ మెత్తటి దుమ్ము పనివాళ్ల ఊపిరిలోకీ మీ గదుల్లోకీ పోతుంది. గుడ్డ కట్టుకుంటే అది ఆగదు. కుళాయి రంధ్రంలాంటి చిన్న పని ఇంట్లో తప్పకపోతే ఎన్95 మాస్కులు మీరే కొనివ్వండి, తలుపు మూసి కిటికీలు తెరవండి, తర్వాత చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి.