రోహిణి కార్తెలో నైట్రిక్ ఆసిడ్ పని: ప్రాజెక్టు పిల్లలకు జాగ్రత్తలు

వచ్చే వారం నుంచి మన ల్యాబ్‌లో బంగారు రేకును స్పాంజిలా మార్చే పని మొదలవుతుంది. విజయవాడ ఎండలు, పైగా రోళ్లు పగిలే రోహిణి కార్తె. అందుకే ముందే రాస్తున్నాను.

తూకంలో సగం బంగారం, సగం వెండి ఉన్న 12 క్యారెట్ల రేకును గాఢ నైట్రిక్ ఆసిడ్ మీద తేలేస్తాం. వెండి కరిగిపోతుంది. మిగిలిన బంగారం పరమాణువులు పక్కకు జరిగి గుంపులు కడతాయి, మధ్యలో కొన్ని పదుల నానోమీటర్ల సందులు మిగులుతాయి. తెల్లటి రేకు కళ్లముందే ఎర్రగోధుమ రంగుకు తిరుగుతుంది. కంసాలులు తేజాబులో బంగారం శుద్ధి చేసేదీ ఈ రసాయనంతోనే.

నా భయమంతా కరెంటు గురించే. కరెంటు పోతే ఫ్యూమ్ హుడ్ (పొగను బయటికి లాగేసే, ముందు అద్దం ఉన్న పెట్టె) ఫ్యాను ఆగుతుంది, ఆసిడ్ ఆగదు. ఆ ఫ్యాను జనరేటర్ లైన్‌లో ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను ఇవాళే అడగండి. రోజూ మొదలుపెట్టే ముందు హుడ్ అంచున టిష్యూ ముక్క పట్టుకుని, లోపలికి లాగుతోందో లేదో చూడండి. మధ్యలో ఫ్యాను ఆగితే అద్దం కిందికి దించి బయటికి వచ్చేయండి. రేకు పోతే పోనివ్వండి, మళ్లీ చేసుకుందాం.

ఆసిడ్ నుంచి వచ్చే గోధుమరంగు పొగ పీలిస్తే మొదట కాస్త దగ్గే వస్తుంది. తగ్గిపోయిందనుకున్నాక, కొన్ని గంటలకు ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. బాగానే ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏం పీల్చారో డాక్టరుకు చెప్పండి.

పల్చటి నైట్రైల్ గ్లౌజులు గాఢ ఆసిడ్‌కు నిలవవు. ఒకసారి నా చూపుడు వేలి గోరు పక్కన ఒక్క చుక్క దిగింది. కడిగినా పసుపు మచ్చ పోలేదు, ఆ చర్మం ఊడిపోయేదాకా వారాలపాటు అలాగే ఉంది. మందపాటి బ్యూటైల్ రబ్బరు గ్లౌజులే వేసుకోండి. చెమటకు కళ్లద్దాలు తీయాలనిపిస్తే, హుడ్ దగ్గర కాదు, బయటికి వెళ్లి తీయండి.

అసిటోన్, ఆల్కహాల్ సీసాలు ఆ బల్ల మీద ఉండనే కూడదు. నైట్రిక్ ఆసిడ్‌లో కలిస్తే పేలతాయి. వాడిన ఆసిడ్‌ను సింక్‌లో పోయవద్దు, అందులో వెండి ఉంది. గాలి వదిలే మూత ఉన్న సీసాలో, విడిగా దాచండి.

ఇంకొకటి, వేడి పెరిగితే సందులు త్వరగా పెద్దవవుతాయి. గది ఉష్ణోగ్రత, నిమిషాలు రెండూ రాసుకోండి.

తాళాలు ఉదయం 6 గంటలకే తీస్తాను. ఇద్దరికి తగ్గకుండా రండి.