ప్రైడ్ టీషర్ట్ డిజైన్ – 3వ పాఠం: ఒక్క రంగు, ఒక్క స్క్రీన్

లెస్బియన్లు, గేలు, ట్రాన్స్ మనుషులు తలెత్తుకుని జరుపుకునే వేడుక ప్రైడ్. దానికి వేసుకునే టీషర్ట్ చేస్తున్నాం. పోయిన పాఠంలో బట్ట ఎంచుకున్నాం: 180 జీఎస్ఎం (చదరపు మీటరుకు 180 గ్రాములు) కాటన్, నలుపు. ఇప్పుడు దాని మీద ఏం వేయాలో చూద్దాం.

ప్రైడ్ గుర్తు కదా, ఇంద్రధనుస్సు వేసేద్దామనిపిస్తుంది. కానీ స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగుకో స్క్రీన్, అంటే ఇంకు దిగే సన్న జాలీ చట్రం, కావాలి. వరంగల్‌లో ఇరవై టీషర్టుల ఆర్డర్ కోసం ఆరు స్క్రీన్లు చేయిస్తే జేబు ఖాళీ. ఈ తిప్పలు పాతవే. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గిల్బర్ట్ బేకర్ బృందం ఎగరేసిన మొదటి ఇంద్రధనుస్సు ప్రైడ్ జెండాకు ఎనిమిది చారలుండేవి. ముదురు గులాబీ బట్ట దొరక్క ఒక చార పోయింది, తర్వాత ఇంకోటి తీసేసి ఆరు చేశారు.

ఒక్క రంగు సత్తా తెలియాలంటే 1970 మే 1 చూడండి. న్యూయార్క్‌లో మహిళా ఉద్యమ సభ. లెస్బియన్ల మాటే ఎత్తడం లేదని మండిపడ్డ కొందరు లైట్లు ఆర్పేశారు. మళ్లీ వెలిగేసరికి లావెండర్ (లేత ఊదా) టీషర్టుల్లో నిలబడి ఉన్నారు, ఛాతీ మీద ‘లావెండర్ మెనేస్’ (లావెండర్ ముప్పు) అని. వాళ్లలోనే ఒకరై ప్రేక్షకుల్లో కూర్చున్న కార్లా జే లేచి పైచొక్కా విప్పితే లోపల అదే టీషర్ట్! మనకు కావాల్సింది ఇదే. తామెవరో ఇంట్లో ఇంకా చెప్పనివాళ్లు ఇక్కడ చాలామంది. అందుకే బొమ్మను మెడపట్టీకి పది సెంటీమీటర్ల కింద మొదలుపెట్టండి. పైన చొక్కా గుండీలు పెట్టుకుంటే ఏమీ కనపడకూడదు.

ఇక మన చరిత్ర. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో (ఫస్లీ అంటే అప్పటి సర్కారీ లెక్కల సంవత్సరం), అంటే 1919లో, హైదరాబాద్ రాజ్యంలో ఒక చట్టం వచ్చింది. హిజ్రాలు ఆడవాళ్ల బట్టల్లో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు! తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జులైలో కొట్టేసింది. బట్టల మీద పెట్టిన చట్టాన్ని బట్ట మీదే కొట్టేద్దాం.

‘1329’ని రామభద్ర లాంటి లావుపాటి ఫాంట్‌లో, తెల్ల ఇంకుకు సిద్ధం చేయండి. కొట్టివేత గీతను వేరే రంగుతో గీయొద్దు. నాలుగు అంకెలనూ నడిమికి కోసినట్టు అడ్డంగా అయిదు మిల్లీమీటర్ల ఖాళీ వదిలితే నల్ల బట్టే గీత అవుతుంది. నాకైతే ఇంతకన్నా మంచి ఉపాయం తట్టలేదు. కింద చిన్నగా ‘ఫస్లీ’. అక్షరానికీ ల వత్తుకూ మధ్య కనీసం మిల్లీమీటరు సందు ఉంచండి, లేకపోతే ఇంకు పూడ్చేస్తుంది.

తెలుపు ఒక్క కోటుకు బూడిదరంగులో కనిపిస్తుంది. మొదటిది ఆరాక రెండోది వేయాలి.

ఇంటిపని: అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, టీషర్టుకు పిన్నులు పెట్టి, పది అడుగుల దూరం నుంచి చదవండి. 3, 9 ఒకేలా అనిపిస్తే గీతను కొంచెం కిందికి జరపండి. వచ్చే పాఠంలో ఫిల్మ్ (బొమ్మ నల్లగా అచ్చైన పారదర్శక షీటు) తీసి స్క్రీన్‌కు ఎమల్షన్ (వెలుతురు తగిలితే గట్టిపడే పూత) పూద్దాం.