అటక మీద మూకీ రీలు దొరికితే

బెంగాలీ దర్శకుడు ధీరేంద్రనాథ్ గంగూలీ 1922లో హైదరాబాద్‌లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశారు. ముస్లిం రాణి, హిందూ యువకుడి ప్రేమకథ ‘రజియా బేగం’ ఆడించినందుకు 1924లో నిజాం ఆయన్ను ఊరు విడిచి పొమ్మన్నారు. దేశంలో తీసిన 1,300 పైచిలుకు మూకీల్లో నేటికి మిగిలినవి ముప్పై లోపే, అవీ చాలావరకు ముక్కలే. కాబట్టి పాతింట్లో తుప్పు రేకు డబ్బా కనబడితే పాతసామాన్ల వాడికి వేసేయకండి. ప్రొజెక్టరుకు ఎక్కించే ఆలోచనా వద్దు. కుంచించుకుపోయిన ఫిల్మ్ రంధ్రాలు పళ్లకు తగులుకుని చిరిగిపోతాయి.

35 ఎం.ఎం. వెడల్పు మూకీ అంటే, సులువుగా అంటుకునే నైట్రేట్ ఫిల్మ్ అనే లెక్క. 16 ఎం.ఎం. అయితే ఆ భయం లేదు. బాగా కుళ్లిన నైట్రేట్ 41 డిగ్రీల వేడి ఎక్కువకాలం తగిలితే దానంతటదే అంటుకోగలదు. మే నెలలో శ్లాబు కింద అటక అంతకు మించి కాగుతుంది. మండేటప్పుడు ఆక్సిజన్ అదే పుట్టించుకుంటుంది, నీళ్లలో ముంచినా ఆరదు. పొగ విషం. నైట్రేటో కాదో తేల్చుకోవడానికి చిన్న ముక్క వెలిగించి చూడమనే సలహా ఎవరిచ్చినా వినకండి.

పొద్దున్నే, ఆరుబయట, గ్లౌజులు, మాస్కు వేసుకుని మూత తీయండి. బిగుసుకుపోతే సుత్తితో కొట్టొద్దు. లోపల గోధుమరంగు పొడి ఉంటే ముట్టుకోకుండా దూరం జరిగి అగ్నిమాపక శాఖకు, 101కి ఫోన్ చేయండి. జిగురు, నురుగు ఉంటే చుట్ట విప్పొద్దు. గట్టిగా, పొడిగా ఉంటేనే మొదటి రెండు మూడు అడుగులు తెల్లగుడ్డ మీద పరిచి పగటి వెలుతురులో చూడండి. బల్బు వేడి తగలకూడదు.

బొమ్మ పక్కన సౌండ్ గీత లేకపోతే మూకీ అయ్యే అవకాశం ఎక్కువ. బొమ్మల మధ్య మాటలు రాసి చూపే టైటిల్ కార్డులే అసలు ఆనవాలు: మాటల భాష, మూలన కంపెనీ గుర్తు. ప్రతి కార్డునూ ఫోన్‌తో ఫొటో తీయండి. ఫ్రేములన్నీ ఒకే తీరుగా నీలంగానో గులాబీగానో ఉంటే పాడైందనుకోకండి: రాత్రికి నీలం, ప్రేమ సన్నివేశానికి గులాబీ అద్దడం అప్పటి పద్ధతి. మచ్చలుమచ్చలుగా ఉంటేనే కుళ్లు.

చూశాక గాలి చొరబడని ప్లాస్టిక్‌లో కట్టొద్దు, ఫిల్మ్ వదిలే ఆమ్లపు ఆవిరి బయటికి పోవాలి. ఎండ, పొయ్యి తగలని చల్లటి చోట, మనుషులు పడుకోని గదిలో పెట్టి, ఆ ఫొటోలు పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు పంపండి. రీలును మాత్రం కొరియర్‌కో బస్సు పార్సిల్‌కో ఇవ్వొద్దు. ఎలా తరలించాలో వాళ్లనే అడగండి.