జుట్టు రాలుతోందా? ముందు నూనె లెక్క చూడండి

సమస్య: దువ్వెన నిండా జుట్టు వస్తోంది. పిక్కల మీద గోటితో గీస్తే తెల్లటి చార పడుతోంది. తలకి కొబ్బరినూనె, ఒంటికి క్రీము రాస్తున్నా తగ్గట్లేదు.

హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోకపోతే ముందు అవి కానివ్వండి. అవి బాగుంటే నేనడిగేది ఒక్కటే: ఇంట్లో నెలకి వంటనూనె ఎంత అవుతోంది? శ్రీకాకుళం నుంచి రాజాం దాకా ఎవరినడిగినా షాంపూ పేరు చెబుతారు గానీ ఈ లెక్క చెప్పరు. పెద్దవాళ్లకి రోజుకి 20 నుంచి 30 గ్రాముల నూనె కావాలి. మనిషికి నెలకి అర కిలో కూడా అవ్వట్లేదంటే అనుమానించాల్సిందే.

కారణం: బరువు తగ్గాలని చాలామంది నూనె, దాంతోపాటు సగం తిండి ఒకేసారి మానేస్తారు. చర్మంలో తడి ఆరిపోకుండా ఆపే కొవ్వులకి నూనెల్లో ఉండే లినోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని శరీరం తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. అందుకే ముందు చర్మం పొడిబారుతుంది. జుట్టు దగ్గరే అందరూ పొరబడతారు. తిండి తగ్గిన వెంటనే అది రాలదు. వెంట్రుకలు ముందు ఎదుగుదల ఆపి, రెండు మూడు నెలలకి ఊడతాయి. సంక్రాంతికి డైట్ మొదలుపెట్టిన మనిషికి ఉగాది దగ్గర్లో జుట్టు రాలుతుంది. అప్పటికి డైట్ సంగతే గుర్తుండదు. నేరం మొన్న మార్చిన షాంపూ మీదకో, బోరు నీళ్ల మీదకో పోతుంది. ఎవరొచ్చినా మూడు నెలల కిందట ఏం తిన్నారో అడగందే నేను ముందుకి వెళ్లను.

పరిష్కారం: తిండి, నూనె మళ్లీ మామూలుకి తెచ్చుకోండి. పామాయిల్‌లో లినోలిక్ ఆమ్లం పది శాతమే, నువ్వుల నూనెలో నలభై దాకా ఉంటుంది. అందుకని కొంత నువ్వుల నూనె కలపండి, చిమ్మిలి తినండి. ఒమేగా-3 అనే ఇంకో రకం కొవ్వు కోసం కళింగపట్నం, భావనపాడు తీరంలో దొరికే కవళ్లు (సార్డిన్ చేపలు) వారానికి రెండుసార్లు చాలు. చేపలు తినకపోతే రోజూ చెంచాడు అవిసె గింజల పొడి తీసుకోండి. గింజలు అలాగే మింగితే అరక్కుండా బయటికి పోతాయి. పొడి వారానికి సరిపడానే కొట్టుకోండి, నిల్వ ఉంటే పాడవుతుంది.

నెలా నెలన్నరలో చర్మం తేరుకోవాలి. జుట్టుకి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, అది నెలకి పెరిగేదే సుమారు ఒక సెంటీమీటరు. నెలన్నర దాటినా పిక్కలు అలాగే ఉంటే చర్మ డాక్టరుకి చూపించండి.

కొవ్వు ఒంటికి పట్టని పేగు జబ్బులూ ఉన్నాయి గానీ చాలా అరుదు. మలం జిడ్డుగా, నీళ్లలో తేలుతూ ఉంటే తప్ప వాటి గురించి టెన్షన్ పడక్కర్లేదు.