చెప్పులు విప్పి వాయించేవారికి యాంప్ ఫుట్‌స్విచ్

తిరుపతి గంగమ్మ జాతరలోనైనా, చిత్తూరు పల్లెల గుడి ఉత్సవాల్లోనైనా ఆర్కెస్ట్రాతో గిటార్ వాయించేవారు చెప్పులు విప్పి వేదిక ఎక్కడం మామూలే. గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్‌లో ఛానెల్‌ను (ధ్వని రకాన్ని) కాలితో నొక్కి మార్చే ఫుట్‌స్విచ్‌లు బజారులో దొరుకుతాయి, అవి మాత్రం బూట్ల కాలికి తగినట్టు ఉంటాయి కాబట్టి వాటిని కొంత మార్చుకోవాలి.

ముందుగా యాంప్‌కు ఏ రకం స్విచ్ కావాలో తేల్చుకోవాలి. ఒకసారి నొక్కితే లోపలి తీగలు కలిసే ఉండి, మళ్లీ నొక్కితే విడిపోయేది లాచింగ్. కాలు మోపినంతసేపే కలిసి ఉండేది మొమెంటరీ. ఫుట్‌స్విచ్ అని రాసి ఉన్న సాకెట్‌లో ఒక మామూలు గిటార్ కేబుల్ పెట్టి, రెండో చివర జాక్ మొనను, దాని వెనుక ఉన్న లోహపు గొట్టాన్ని చిన్న తీగతో కలపండి. కలిపినంతసేపే ఛానెల్ మారి, తీగ తీయగానే వెనక్కి వస్తే లాచింగ్ కావాలి; తీసినా మారినట్టే ఉండిపోతే మొమెంటరీ కావాలి. ఈ పరీక్షను స్పీకర్ సాకెట్‌లో చేస్తే యాంప్ కాలిపోవచ్చు. చాలా పిన్నులున్న గుండ్రటి సాకెట్ జోలికి అసలు పోవద్దు.

స్విచ్ మార్చడం తేలికే: పాతదాని రెండు తీగలనూ విడదీసి, కొత్తదాని రెండు కాళ్లకు సోల్డర్ చేస్తే చాలు, ఏ తీగ ఎటు పోయినా ఫర్వాలేదు. ఛానెల్‌కూ రివర్బ్‌కూ (ప్రతిధ్వనికి) కలిపి ఒకే సాకెట్ ఉంటే స్టీరియో జాక్ కావాలి. అందులో మొన ఒక స్విచ్‌కు, మధ్య వలయం రెండోదానికి, గొట్టం రెండింటికీ ఉమ్మడిగా వెళతాయి. అక్కడ మోనో జాక్ పెడితే వలయం గొట్టంతో కలిసిపోయి, ఆ రెండో స్విచ్ ఎప్పుడూ నొక్కి ఉన్నట్టే యాంప్ భావిస్తుంది.

వట్టికాలితో ఇనుప బొత్తాన్ని గంటల తరబడి నొక్కితే మడమ కాదు, బొటనవేలి మొదలే నొప్పెడుతుంది. బొత్తం మీద వెడల్పాటి ప్లాస్టిక్ టోపీ బిగించండి. దానికన్నా ముఖ్యమైనది ఎర్త్. ఇనుప పెట్టె జాక్ గొట్టం ద్వారా యాంప్ చాసిస్‌కు (లోహపు చట్రానికి) కలిసి ఉంటుంది గనుక, పందిరిలో కరెంటు ప్లగ్‌లోని మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, ఎక్కడికీ కలవకుండా ఊరికే ఉంటే, తడి నేలపై నిలబడ్డ వట్టికాళ్లకు షాక్ తగలవచ్చు. గిటార్ తీగలదీ అదే దారి కాబట్టి ప్లాస్టిక్ పెట్టె వాడినంత మాత్రాన ముప్పు తప్పదు. ఎర్త్ ఉందని ఎలక్ట్రీషియన్ చూసి చెప్పాకే యాంప్ ఆన్ చేయండి.

ఛానెల్ మారేటప్పుడు కొన్ని యాంపుల్లో చిన్న టప్పుమనే శబ్దం వస్తుంది. సోలో మొదటి స్వరంపై కాకుండా, దానికి ముందున్న ఖాళీలో నొక్కితే అది డప్పుల్లో కలిసిపోతుంది.