డీకాఫ్ కాఫీ గింజలతో వచ్చే ఇబ్బందులు: లక్షణం, కారణం, పరిష్కారం

నల్లకుంటలో కాఫీ గింజలు వేయించి, అక్కడికక్కడే పొడి పట్టి ఇచ్చే చిన్న దుకాణం మాది. కెఫీన్ తగ్గించుకోమని డాక్టరు చెప్పారంటూ వచ్చేవారు ఎక్కువ కావడంతో డీకాఫ్, అంటే కెఫీన్ చాలావరకు తీసేసిన, పచ్చి గింజలు తెప్పించడం మొదలుపెట్టాము. ప్లాంటేషన్, పీబెర్రీ అనే మామూలు కాఫీ గింజల రకాలను వేయించిన అలవాటుతోనే వీటినీ వేయించి, మొదట్లో చాలా సరుకు పాడుచేసుకున్నాము. కింద రాసినవన్నీ ఆ అనుభవంలో ఒక్కొక్కటిగా తెలిసివచ్చినవే.

అన్నిటికీ మూలమైన విషయం ఒకటి ముందు చెప్పాలి. కెఫీన్‌ను వేయించిన గింజ నుంచి కాక పచ్చి గింజ నుంచే తీస్తారు. పొడిగా ఉన్న గింజలో కెఫీన్ కదలదు కాబట్టి, ఏ పద్ధతిలోనైనా గింజను మొదట ఆవిరితోనో నీటితోనో ఉబ్బిస్తారు. ఆ తరువాత డైక్లోరోమీథేన్, ఇథైల్ ఎసిటేట్ వంటి ద్రావణులతో గాని, 31 డిగ్రీల వేడిని, 74 బార్ల ఒత్తిడిని దాటించిన కార్బన్ డయాక్సైడ్‌తో గాని, కెఫీన్ తప్ప గింజలోని మిగతా రుచి పదార్థాలన్నీ ముందే నింపుకున్న నీటితో గాని కెఫీన్‌ను లాగుతారు. చివరికి తేమ మళ్లీ 10-12 శాతానికి వచ్చేవరకు ఆరబెడతారు. అంటే మన చేతికి వచ్చేది ఒకసారి నాని, ఉబ్బి, ఎండిన గింజ. దానికి పొట్టు దాదాపు ఉండదు, లోపలి అల్లిక వదులై ఉంటుంది.

లక్షణం: గింజకు మంచి రంగు వచ్చింది, కప్పులో మాత్రం పచ్చివాసన, పులుపు

ఈ పొరపాటు మాకు అన్నిటికన్నా ఎక్కువసార్లు జరిగింది. మామూలు పచ్చి గింజ బూడిదరంగు కలిసిన ఆకుపచ్చగా ఉంటే, డీకాఫ్ గింజ ఆవిరి దెబ్బకు సంచిలో ఉన్నప్పుడే గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. అందుచేత రోస్టర్ (గింజలు వేయించే యంత్రం) కిటికీలోంచి చూసేవారికి అది ఎప్పుడూ నిజంగా వేగినదానికంటే ఎక్కువ వేగినట్టు కనబడుతుంది. ఫస్ట్ క్రాక్, అంటే వేగుతున్న గింజ మొదటిసారి చిటపటమని పగిలే శబ్దం కూడా మెత్తగా వస్తుంది, డ్రమ్ము చప్పుడులో ఒక్కోసారి వినబడనే వినబడదు.

కంటినీ చెవినీ పక్కన పెట్టి తూకాన్ని నమ్మాలి. కిలో పచ్చి గింజ వేసి, మధ్యరకం వేపుకు 850 గ్రాముల దగ్గర దిగిందా లేదా అని ప్రతి వాయికీ తూచి రాసుకోండి. 880 దగ్గర దింపినది ఎంత నల్లగా కనిపించినా లోపల పచ్చిగానే ఉంటుంది. అయితే పచ్చి గింజలో తేమ ఒక శాతం మారినా ఈ లెక్క అంత మేరా మారుతుంది కాబట్టి, కొత్త సంచి విప్పిన రోజున తేమ మీటరుతో కొలిచి పుస్తకంలో రాసుకోవడం అవసరం. గింజను కొరికి చూడడం, రెండుగా చీల్చి లోపలి రంగును పై రంగుతో పోల్చడం కూడా మంచి పరీక్షలే.

లక్షణం: పైకి నూనె తేలి, వారానికే ముక్కవాసన

వదులైన అల్లిక గుండా నూనె త్వరగా బయటికి వస్తుంది, వచ్చిన నూనె గాలి తగిలి పాడవుతుంది. గింజలను మామూలుకంటే కొంచెం తక్కువ వేడి డ్రమ్ములో వేసి, క్రాక్ సమీపించే ముందే మంట తగ్గించాలి. క్రాక్ తరువాత ఈ గింజ చాలా వేగంగా నల్లబడుతుంది, అర నిమిషం ఏమరుపాటుకు కూడా చోటివ్వదు. వేసవిలో మన ఊళ్లో రేకుల గదిలో నిల్వచేస్తే ఏ జాగ్రత్తా నిలవదు. తక్కువ తక్కువగా వేయించి, లోపలి గాలిని బయటికి మాత్రమే వదిలే వాల్వు ఉన్న సంచుల్లో నింపి, రెండు మూడు వారాల్లో అమ్మేయడమే మేలు.

లక్షణం: ఫిల్టర్‌లో డికాషన్ దిగదు

డీకాఫ్ గింజ పెళుసుగా విరిగి, మరలో ఎక్కువ నుసి రాలుతుంది. ఆ నుసి ఫిల్టర్ రంధ్రాలను మూసేస్తుంది. మరను ఒక మెట్టు బరక చేయాలి, పొడిని గట్టిగా అదమకూడదు. చికోరీ కలిపితే నాని ఉబ్బుతుంది కనుక ఇంకొంత బరక పెట్టవలసి ఉంటుంది. చికోరీలో కెఫీన్ లేదు కాబట్టి కలపడంలో ఆరోగ్యరీత్యా ఆ చింత అక్కరలేదు, కలిపిన శాతాన్ని మాత్రం ప్యాకెట్ మీద రాయాలి.

లక్షణం: "ఇందులో కెమికల్ ఉందా?" అన్న భయం

గత శతాబ్దపు తొలి ఏళ్లలో జర్మనీకి చెందిన లుడ్విగ్ రోజెలియస్ మొదలుపెట్టిన పద్ధతిలో విషపూరితమైన బెంజీన్ వాడేవారు, ఆ భయానికి అప్పట్లో ఆధారం ఉంది. బెంజీన్‌ను ఏనాడో వదిలేశారు. ఇప్పటి డైక్లోరోమీథేన్ 40 డిగ్రీలకే ఆవిరవుతుంది, మన వేపు 200 డిగ్రీలు దాటుతుంది. అమెరికాలో వేయించిన డీకాఫ్‌లో దాని అవశేషానికి 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10 భాగాలు) హద్దు ఉంది. ఇంత చెప్పినా వద్దనేవారికి నీటి పద్ధతి గింజ ఇవ్వాలి, వాదించకూడదు. అడిగినవారికి ఏ పద్ధతి గింజో చెప్పడానికి సంచి మీది వివరాలను రాసిపెట్టుకోవాలి. ఇక నిజంగానే సంచి నుంచి అట్టముక్క వాసన, బూజు వాసన వస్తే అది ద్రావణి దోషం కాదు, వర్షాకాలపు తేమ దోషం. ఆ సంచిని వాడకండి.

లక్షణం: డీకాఫ్ తాగినా నిద్ర పట్టలేదు

ఈ ఫిర్యాదును ఎప్పుడూ తేలికగా తీసుకోకూడదు. గుండె దడ ఉన్నవారు, గర్భిణులు మన మాట నమ్మి ఆ కప్పు తాగుతారు. డీకాఫ్ అంటే కెఫీన్ పూర్తిగా లేదని కాదు. ఐరోపాలో పాటించే హద్దు 0.1 శాతం, అంటే 10 గ్రాముల పొడిలో 10 మిల్లీగ్రాములకు మించదు. మామూలు అరబికా రకం కాఫీలో అదే 10 గ్రాములకు సుమారు 120 మిల్లీగ్రాములు, రోబస్టా రకంలో 200 పైచిలుకు ఉంటుంది. బాగా నల్లగా వేయిస్తే కెఫీన్ పోతుందనే నమ్మకం తప్పు, వేపులో అది దాదాపుగా తగ్గదు.

సరుకు సరైనదే అయినప్పుడు దోషం చాలాసార్లు మరలోనే ఉంటుంది. రోబస్టా పట్టిన మరలో 50 గ్రాముల పొడి మిగిలిపోయి, దాని మీదే కిలో డీకాఫ్ పడితే, ఆ 50 గ్రాముల్లోని గ్రాము కెఫీన్ మొత్తం పొడిలో కలిసి 0.095 శాతం పెంచుతుంది. గింజలో ముందే ఉన్న కొద్దిపాటితో కలిపితే హద్దు దాటిపోతుంది. వీలుంటే డీకాఫ్‌కు విడి మర పెట్టండి. లేకుంటే రోజు మొదట్లో, మరను విప్పి బ్రష్‌తో దులిపిన తరువాతే డీకాఫ్ పట్టండి, మొదట పడిన పావుకిలోను మామూలు పొడిలో కలిపేయండి. గరిటెలు, డబ్బాలు, తూకం పళ్లెం కూడా వేరుగా ఉండాలి. ఇన్ని చేసినా ఫిర్యాదు వస్తే ఆ పొడి నుంచి వంద గ్రాములు తీసి, హెచ్‌పీఎల్‌సీ పరికరంతో కెఫీన్ కొలిచే ఆహార పరీక్షా ల్యాబ్‌కు పంపాలి. మా దుకాణంలో ఆ ఫలితం చేతికి వచ్చేవరకు ఆ వాయి పొడిని డీకాఫ్ పేరుతో ఎవరికీ తూచి ఇవ్వము.